వాకిలి నుంచి వాకిలి దాకా

నాకు ముక్కు మీదే కోపం. ఏజెన్సీలో ముప్పై ఏళ్ళకి పైగా ఏఎన్ఎమ్‌గా పనిచేశాను. కోపం లేకుండా ఆ కొండల్లో పిల్లలకి టీకాలు వెయ్యడం కుదరదని ఇప్పటికీ నా నమ్మకం. సూది చూసి పిల్లలకంటే ముందు తల్లులే పొలాల్లోకి పారిపోయే రోజులవి. నా గొంతు ఈ గట్టు మీద లేస్తే ఆ గట్టు మీద వినిపించేదని అంటారు. ఆ గొంతు వల్ల మంచి జరిగింది, చెడూ జరిగింది. చెడులో పెద్దది మాత్రం ఒక్కటే. దాన్ని దిద్దుకోవడానికి అరవై దాటిన వయసులో, అరిగిన మోకాళ్ళతో, శృంగవరపుకోటలో మా ఇంటి వాకిలి నుంచి సుంకరమెట్ట లోపల కొండ మీదున్న ఒక ఇంటి వాకిలి దాకా ఒక్కదాన్నే నాలుగు రోజులు నడిచాను.

ఆ ఇల్లు మా నేస్తానిది.

నేస్తం అంటే ఏదో స్నేహితురాలు అనుకునేరు. కొండల్లో నేస్తం కట్టుకుంటారు. పెద్దల ముందు, పండగనాడు, ఊరంతా చూస్తుండగా. ఆ తర్వాత ఆవిడ అన్నదమ్ములు మీ అన్నదమ్ములు, మీ ఇంట్లో చావు ఆవిడకి మైల. నాకు ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది, మందుల డబ్బా నెత్తిన పెట్టుకుని నాకు దారి చూపించింది ఆవిడే. నా ఈడుది. మాటలు తక్కువ, నడక ఎక్కువ. ఆ వానాకాలం నాకు మలేరియా తగిలి ఒళ్ళు తెలియకుండా పడిపోతే, పదకొండు రోజులు తన ఇంట్లో పడుకోబెట్టుకుని చోడి అంబలి తాగించింది. నేను వాంతి చేసుకుంటే ఒట్టి చేతులతో ఎత్తింది. మా అమ్మ కూడా అంత చెయ్యలేదు, అబద్ధం ఎందుకు.

ఆ వచ్చే చైత్రంలో ఇటుకల పండగకి వాళ్ళ ఊరి ముసలమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఒకే అడ్డాకులో అన్నం పెట్టింది. ఒకరి చేతికి ఒకరం గాజులు తొడుక్కున్నాం. అప్పుడు ముసలమ్మ అంది, "ఈయేల్టి నుంచి మీ ఇద్దరికీ పేర్లు నేవు. నేస్తం అంటే నేస్తమే. పేరెట్టి పిలవకండి."

"పిలిస్తే ఏటవుద్ది?" అన్నాను. నా అలవాటు కదా, ప్రశ్న అడగనిదే ఊరుకోను.

"పిలవకూడదు, అంతే," అంది. మా పక్క ఆడవాళ్ళు మొగుడి పేరు చెప్పరు కదా, అలాంటి మర్యాదేలే అనుకుని అంతటితో వదిలేశాను.

నా ఉద్యోగమే పేర్లతో. గర్భిణుల పేర్లు, పుట్టినవాళ్ళ పేర్లు, పోయినవాళ్ళ పేర్లు, రక్తపు చుక్క తీసిన గాజు పలకల మీద పేర్లు. ఆవిడ పేరు కూడా రాసేదాన్ని. రాయడం పిలవడం కాదని ముసలమ్మే తీర్పు చెప్పింది. కానీ పైకి చదవాల్సి వస్తే పక్కనున్న ఆశా కార్యకర్త పిల్లకి రిజిస్టరు ఇచ్చి చదివించేదాన్ని. అన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారి కూడా ఆ పేరు నా నోటి వెంట రాలేదు. ఆవిడ నోటి వెంట నా పేరూ రాలేదు. అసలు ఆవిడకి నా పేరు గుర్తుందో లేదో!

నేను రిటైరయి కిందకి దిగాక కూడా ఏడాదికి రెండుసార్లు వెళ్ళేదాన్ని. పోయినేడు వెళ్ళినప్పుడు చూస్తే, గ్లాసు పట్టుకోవడానికి చెయ్యి గాలిలో వెతుకుతోంది. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. కుడి కన్ను పూర్తిగా పాలరంగుకి తిరిగింది, ఎడమదాంట్లో కాస్త వెలుగు. తిట్టాను, బతిమాలాను, కొండ కింద ఆసుపత్రిలో కంటి శిబిరం పెడుతున్నారంటే ఒప్పించాను. ముందుగా పరీక్షకి తీసుకెళ్తే డాక్టరు చూసి, "ఇప్పటికే ముదిరింది, ఇంక ఆలస్యం చేస్తే నా చేతుల్లో ఉండదు," అన్నాడు. సరే, ఆపరేషనుకి పేరు రాసుకున్నారు.

శిబిరం నాడు నన్ను కూడా సాయానికి రమ్మన్నారు. అందరికీ నా గొంతు తెలుసు కదా, మైకు నా చేతికిచ్చారు. ఆవరణ నిండా జనం. పొద్దుటినుంచి టీ తప్ప ఏమీ లేదు. బీపీ మాత్ర వేసుకోలేదు. లోపల్నుంచి డాక్టరు "తర్వాత ఎవరు, తర్వాత ఎవరు" అని ఒకటే కేక. పిలిచినవాళ్ళు ఒక్కరూ వేళకి లేవరు. నాకు కడుపు మండిపోతోంది. కాగితం మీదున్న పేర్లు గబగబా చదివేస్తున్నాను. ఒక పేరు చదివాను. ఇంటిపేరుతో సహా చదివాను. ఎవరూ లేవలేదు. "ఏటమ్మా, సెవుడా? బేగి రా!" అని మైకులో అరిచి, మళ్ళీ అదే పేరు పిలిచాను.

పనస చెట్టు కింద ఒకావిడ లేచింది. మూట చంకన పెట్టుకుంది. నా గొంతు వచ్చిన వైపు ఒక్క క్షణం మొహం తిప్పి నిలబడింది. తర్వాత గోడ తడుముకుంటూ గేటు దాటి వెళ్ళిపోయింది.

పాయఖానాకి వెళ్ళిందేమో అనుకుని తర్వాతి పేరు చదివాను. ఇంకో ఐదు పేర్లు చదివాక కాగితం మీద ఆ పేరు మళ్ళీ చూశాను. ఎవరిని పిలిచానో, ఎలా పిలిచానో అప్పుడు తెలిసింది. మైకు పడేసి రోడ్డు మీదకి పరిగెత్తాను. కొండ మీదకి పోయే జీపు ఆవిడని ఎక్కించుకుని అప్పటికే వెళ్ళిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని చిన్నప్పుడు కాపీ పుస్తకంలో వందసార్లు రాసినదాన్ని. ఏం లాభం?

మర్నాడే పళ్ళు కొనుక్కుని జీపు మాట్లాడుకుని పైకి వెళ్ళాను. తలుపు తాడుతో కట్టేసి ఉంది. "పోడుకి ఎల్లిపోయింది," అన్నారు. కళ్ళు కనపడని మనిషి కొండ పొలానికి ఎందుకు వెళ్తుంది? నా మొహం చూడటం ఇష్టం లేకే. మళ్ళీ వారం వెళ్ళాను, మళ్ళీ తాడే. ఫోను చేస్తే కోడలు, సిగ్నలు దొరికే బండ దగ్గరికి అత్తని తీసుకెళ్ళి ఫోను చెవికి పెట్టింది. నేను ఇవతల "నేస్తం, తప్పయిపోనాది" అని ఏడుస్తున్నాను, అవతల ఊపిరి తప్ప ఏమీ లేదు. ఆశా పిల్ల రెండుసార్లు జీపుతో వెళ్ళి ఆపరేషనుకి రమ్మంది. రానంది. రోజులు గడిచిపోతున్నాయి. ఎడమ కంట్లో ఉన్న ఆ కాస్త వెలుగూ తగ్గిపోతోందని కోడలు చెప్పింది.

చివరికి సంతకి వచ్చిన కోడలి చేత కబురు పంపింది. "నడిసి రమ్మను. దాని వాకిలి నుంచి నా వాకిలి దాకా. ఒక్కర్తినే రమ్మను."

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నా మోకాళ్ళ సంగతి ఆవిడకి తెలుసు. మెట్లెక్కలేనని తెలుసు. తప్పు చేశాను, కాదన్నానా? దానికి ఇంత శిక్షా? రెండు రోజులు ఇంట్లో గిన్నెలన్నీ ఎత్తిపడేశాను. మా ఆయన మొదట నవ్వాడు, తర్వాత భయపడ్డాడు. "ఆటో పెట్టుకుని వెళ్ళి, ఊరి మొదట్లో దిగి నాలుగడుగులు నడు. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. ఆ మాటకి ఇంకా మండింది. మూడో రోజు పొద్దున్నే సంచిలో రెండు చీరలు, మాత్రలు, అటుకులు వేసుకుని చెప్పులు తొడుక్కున్నాను. గుమ్మంలో ఆయన తన చేతికర్ర తెచ్చి ఇచ్చాడు.

మొదటి రోజు నేల బల్లపరుపు. బొడ్డవర దాటి కాశీపట్నం దాకా కొండలు దూరంగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా మీద పడ్డాయి. ఆ రాత్రి నాతో పనిచేసిన ఒక ఆయా ఇంట్లో పడుకున్నాను. ఆవిడ మోకాళ్ళకి ఆముదం రాస్తూ, "ఏ దేవుడికమ్మా మొక్కు?" అని అడిగింది. దేవుడైతే బాగుణ్ణు, కొబ్బరికాయతో పోయేది అన్నాను.

రెండో రోజు ఘాట్ రోడ్డు. ముప్పై ఏళ్ళు ఆ మలుపులన్నీ జీపులో, బస్సులో, లారీ క్యాబినులో కూర్చుని తిరిగాను. నడిచేవాళ్ళకి ఆ రోడ్డు ఇంత పొడుగుంటుందని నాకు తెలియనే తెలియదు. మందుల డబ్బాతో నా ముందు ఆవిడ నడిచింది ఇలాంటి దారిలోనే, అదీ చెప్పుల్లేకుండా. విశాఖపట్నం నుంచి వచ్చిన కుర్రకారు కార్లు ఆపి బొంగు చికెన్ తింటూ ఫోటోలు తీసుకుంటున్నారు. "ఆంటీ, ట్రెక్కింగా?" అందో అమ్మాయి. "అవునమ్మా," అన్నాను. అసలు సంగతి చెప్పే ఓపిక లేదు. కొండ అవతల సొరంగంలోంచి రైలు బయటపడ్డ చప్పుడు వినపడింది. హాయిగా కిటికీ పక్కన కూర్చున్న వాళ్ళందరి మీదా అసూయ పుట్టింది.

మధ్యాహ్నం దాటాక కుడి మోకాలు వాచింది. రాతి మీద కూర్చుని ఉంటే అరకు బస్సు వచ్చి ఆగింది. కండక్టరు నా చేత టీకా వేయించుకున్నవాడే. "ఓలమ్మ, సిస్టరమ్మా! ఈ ఎండలో ఏటి సేత్తన్నావు? ఎక్కు ఎక్కు," అని చెయ్యి పట్టుకుని లాగాడు. ఎక్కేశాను. నిజం చెబుతున్నాను, సిగ్గులేకుండా ఎక్కేశాను. సీటు మెత్తగా ఉంది, గాలి చల్లగా వస్తోంది. మొదటి మలుపులో, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. రెండో మలుపులో, "నడిచొచ్చావా?" అని ఆవిడ అడుగుతున్నట్టు అనిపించింది. ఎవరికైనా అబద్ధం చెప్పగలను, పై అధికారులకి బోలెడు చెప్పాను కూడా. ఆవిడకి చెప్పలేను. "ఆపు బాబూ, ఆపు!" అని అరిచి దిగాను. దిగి పైకి నడిచానా అంటే, లేదు. ఎక్కిన చోటికి, ఆ రాయి దాకా వెనక్కి నడిచి, మళ్ళీ పైకి తిరిగాను. కండక్టరు తల బయటపెట్టి నేను కనపడినంతసేపూ చూశాడు. సిస్టరమ్మకి మతి పోయిందని ఆ సాయంత్రం అరకులో చెప్పే ఉంటాడు.

అనంతగిరి కాఫీ తోటల్లో కోతలు. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం తీగలు, వాటి నీడలో ఎర్రటి పళ్ళు. రోడ్డు మీద నడిచేటప్పుడు ఒంటరిగా అనిపించింది గానీ, తోటల పక్కన అనిపించలేదు. కొమ్మల వెనకనుంచి ఎవరో ఒకరు పలకరిస్తూనే ఉన్నారు. మూడో రోజంతా నా నోరు మూతపడింది. మాట్లాడే మనిషి లేక కాదు. ఆవిడ ఏమంటుందో, నేనేమనాలో మనసులో అనుకుని అనుకుని అలిసిపోయాను. మొదట తిట్లు తయారుచేసుకున్నాను. సాయంత్రానికి వాటిలో సగం మరిచిపోయాను. ఆ కళ్ళకి ఏమీ కాకుండా ఉంటే చాలు, నన్ను గుమ్మంలోంచి గెంటేసినా పరవాలేదు అనుకున్నాను.

నాలుగో రోజు సుంకరమెట్ట దగ్గర రోడ్డు వదిలాను. అక్కడ దారి తప్పాను. నాకు తెలిసిన కాలిబాట మీద సిమెంటు రోడ్డు వేశారు, అది వేరే ఊరికి పోతోంది. వలిసె పూలు పసుపు పచ్చగా కొండంతా పరుచుకుని ఉన్నాయి, ఆ అందం చూసే తీరిక నాకెక్కడిది? కాఫీ పళ్ళు కోస్తున్న ఆడవాళ్ళు కనపడితే దారి అడిగాను.

"ఎవులింటికమ్మా?" అంది ఒకావిడ.

నోరు తెరిచి, మూశాను. "మా నేస్తం ఇంటికి."

"నేస్తమైతే పేరు నేదేటి? పేరు సెప్పు, దారి సెప్తాం." మిగతావాళ్ళు నవ్వుతున్నారు. వాళ్ళకి అర్థమైపోయింది, ఆట పట్టిస్తున్నారు.

"ఒకపాలి సెప్పే ఈ గతి పట్టింది, ఇంక సెప్పను," అన్నాను.

నవ్వులు టక్కున ఆగిపోయాయి. వాళ్ళలో పెద్దావిడ బుట్ట దించి నా దగ్గరికి వచ్చింది. నన్ను పైనుంచి కిందకి చూసింది. నా కర్రని, కాళ్ళని మరీ పరీక్షగా చూసింది. "పాదాలు బానే ఉన్నాయా తల్లీ?" అంది. నడిచి వచ్చినదాన్ని కదా, అందుకు అడుగుతోందనుకున్నాను. ఎవరి ఇంటికో ఇంకో మాట అడగకుండానే, వాగు దాటి ఎడమకి వెళ్ళమని చెప్పి, తన అంబలిలో సగం నాకు పోసింది.

పొద్దు వాలకముందే ఊళ్ళో అడుగుపెట్టాను. ఈసారి తలుపుకి తాడు లేదు. ఆవిడ అరుగు మీద కూర్చుని చేటలో రాజ్‌మా గింజలు ఏరుతోంది. చూపుతో కాదు, వేళ్ళతో. బాగా చిక్కిపోయింది. నా కర్ర చప్పుడు వినగానే వేళ్ళు ఆగాయి.

"నేస్తం," అన్నాను. నాలుగు రోజులు మనసులో పేర్చుకున్న మాటల్లో అదొక్కటే బయటికి వచ్చింది.

"నడకేనా?" అంది.

"నడకే."

"ఎక్కడా ఎక్కనేదా?"

"ఎక్కాను. రెండు మలుపులు బస్సెక్కాను. దిగి, ఎనక్కెల్లి, మల్లీ మొదట్నుంచి నడిశాను."

ఆవిడ పెదవులు కదిలాయి. నవ్వో ఏడుపో తెలియలేదు. లేచి, గోడ పట్టుకుని, నీళ్ళ కుండ తడుముకుంటూ తెచ్చింది. నా కాళ్ళ మీద నీళ్ళు పోసింది. తర్వాత నేల మీద కూర్చుని నా పాదం తన ఒళ్ళోకి తీసుకుంది. ఒక్కో వేలూ విడదీసి నొక్కింది. మడమ, చీలమండ, పిక్క. మోకాలి దగ్గర వాపు తగలగానే చేతులు బిగుసుకున్నాయి.

"ఇది పాతదా, కొత్తదా?"

"పాతదే. నీకు తెల్సుగా."

"సేతులియ్యి." ఇచ్చాను. రెండు చేతుల వేళ్ళూ మూయించి, తెరిపించింది. "మాటాడు. ఏదో ఒకటి మాటాడు." నా గడ్డం కింద వేళ్ళు పెట్టి, నేను మాట్లాడుతుంటే దవడ కదలడం తడిమి చూసింది.

నా సహనం అక్కడితో సరి. "ఏటి సేత్తన్నావు? అంత దూరం నడిపించి ఇప్పుడు డాక్టరమ్మ ఏషాలా? తిడతావో, కొడతావో, అదేదో బేగి కానియ్యి!"

ఆవిడ నా రెండు మోకాళ్ళ మీదా తలపెట్టి ఏడ్చింది. అన్నేళ్ళలో ఆవిడ ఏడవగా నేను చూడలేదు. మొగుడు పోయినప్పుడు కూడా చూడలేదు.

"నిన్ను తిట్టడానికి నేనెవుల్ని నేస్తం," అంది. "పేరెట్టి పిలిస్తే పిలిసినోల్లకి తగుల్తాది. కాల్లన్నా పడిపోతాయి, నోరన్నా పడిపోద్ది. ఒకపాలి పిలిసినావు, రెండోపాలి పిలిసినావు. మూడోపాలి పిలిత్తే బతకవు. నాను అక్కడే కూకుంటే నువ్వు పిలుత్తావు, నీ నోరు నాకు తెల్దా? అందుకే నెగిసి వొచ్చేసినాను."

ఆ పండగనాడు నేనడిగిన ప్రశ్నకి అన్నేళ్ళు ఎవరూ చెప్పని జవాబు అది. దెబ్బ పిలిపించుకున్నదానికి కాదు, పిలిచినదానికే. ఆవిడ అలిగి వెళ్ళిపోలేదు. నన్ను కాపాడటానికి వెళ్ళిపోయింది. ఆ రోజే ఊరి దేవతకి కోడిని ఇచ్చిందట, నా పేరు చెప్పకుండా, "నా నేస్తం" అని మొక్కుకుని.

"మరి నేను జీపులో వస్తే ఎందుకు దాక్కున్నావే?" అన్నాను. 

"ఎదురుగా ఉంటే మల్లీ పిలుత్తావేమోనని బయ్యం. జీపులో కూకుని వొస్తే కాల్లు ఆడతన్నాయో నేదో ఎలా తెలుస్తాది? కల్లతో సూద్దామంటే కల్లు నేవు. మనకి నేస్తం కట్టిన ముసిలమ్మ కూతుర్ని అడిగినాను. వాకిలి నుంచి వాకిలికి ఒక్కర్తీ నడిసి రాగలిగితే ఏటీ తగల్నేదని అంది. అందుకే రమ్మన్నాను. నువ్వు వొచ్చేదాకా నాకు కూడు దిగనేదు."

ఆసుపత్రిలో అన్నేళ్ళు పనిచేసినదాన్ని, ఇవన్నీ మూఢనమ్మకాలని ఎన్ని మీటింగుల్లో చెప్పాను! ఆ అరుగు మీద ఒక్క ముక్క చెప్పలేకపోయాను. ఆవిడ భయం నాకోసం. నేను నాలుగు రోజులు నడిచిన దూరం ఎంతైనా ఉండనీ, నెలల తరబడి ఆవిడ మోసిన భయంతో పోలిస్తే లెక్కలోకి రాదు. నాకు సిగ్గేసింది, ప్రేమ పొంగుకొచ్చింది, రెండూ ఒకేసారి.

ఎంతైనా నేను నేనే కదా. కళ్ళు తుడుచుకోగానే మళ్ళీ కోపం వచ్చింది. "సరే, నాకోసం భయపడ్డావు. ఆశా పిల్ల రెండుసార్లు జీపు తెచ్చింది కదా, అందులో నేను లేను కదా. వెళ్ళి కన్ను కోయించుకోడానికేం? ఆ కన్ను పోతే ఏం చేద్దామనుకున్నావు?"

ఆవిడ నా పాదాలు చీరకొంగుతో తుడుస్తోంది. వేళ్ళ సందులు కూడా వదలకుండా తుడిచి, అప్పుడు చెప్పింది. ఏమంత పెద్ద మాట కాదన్నట్టు, మామూలుగా చెప్పింది.

"నీకేటైనా అయితే, అది సూడ్డానికి నాకు కల్లెందుకు నేస్తం?"

నేను ఆ కొంగు తీసుకుని ఆవిడ కళ్ళు తుడిచాను. కాసేపటికి ఆవిడే, "కింద ఆసుపత్రికి ఎల్లే పొద్దున్న బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.